నేల గీసిన హద్దులు

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం దగ్గర ఒక సంస్కృత శాసనం ఉంది. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుంచి ఈ సీమను పాలిస్తూ ఇక్కడ అనంతరాజ సాగరమనే చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని శాసనం లెక్క చెబుతుంది. అంతటితో ఆగకుండా, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను వరుసగా చెప్పి, చెరువును చెరిచే ఆరు దోషాలను కూడా పేర్కొంది.

ఆ పన్నెండింటిలో రాజు ధర్మబుద్ధి, కట్టేవారి నైపుణ్యం ఉన్నాయి. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం నేలకు సంబంధించినవే. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి. నేల గట్టిది కావాలి. మూడు యోజనాల దూరం నుంచి తీయని నీరు తెచ్చే ఏరు ఉండాలి. ఇరువైపులా కొండ కొసలు కలిసిరావాలి. వాటి మధ్య కట్ట పొట్టిగా, గట్టిగా ఉండాలి. చెరువు గర్భం విశాలంగా, లోతుగా ఉండాలి. దగ్గరలో మంచి రాయి దొరకాలి. దిగువన చదునైన సారవంతమైన పొలాలుండాలి. ఎగువ నుంచి దిగువ దాకా నేలను ఒక్కటిగా చూసినవారికి తప్ప ఈ జాబితా సాధ్యం కాదు. దోషాల్లో కట్ట ఊట వేయడం, నేల చౌడు కావడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం చెప్పారు. ఇవన్నీ నేలకూ నీటికీ కట్టకూ సంబంధించినవి. మిగిలిన ఒక్క దోషం మనుషుల హద్దులకు సంబంధించినది. చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదు.

నీరు పారే హద్దు ఒకటి, పాలన సాగే హద్దు మరొకటి అనీ, రెండూ కలవని చోట ఎంత మంచి నిర్మాణమైనా చెడుతుందనీ ఆ శాసనకర్తకు తెలుసు. ఆ తర్వాత ఆరున్నర శతాబ్దాల్లో ఈ సీమ మీద ఎన్నో హద్దులు గీశారు, చెరిపారు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. 1808లో దాన్ని బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. 1882లో బళ్లారి నుంచి అనంతపురం వేరైంది. 1953లో బళ్లారి మైసూరు వైపు పోయింది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా పుట్టింది. ఇన్ని మార్పుల్లోనూ పెన్నా, చిత్రావతి, పాపాగ్ని ఏ మిట్ట దగ్గర విడిపోయి ఏ లోయలో కలవాలో అలాగే కలుస్తున్నాయి.

పటం ఆధారంగా ప్రాంతీయాభివృద్ధిని ఆలోచించే పద్ధతికి తెలుగునాట పొడవైన చరిత్ర ఉంది. ఆ చరిత్రను సాంకేతిక ప్రగతి కథగా చెప్పడం మామూలు. గొలుసు కొలత, విమాన ఛాయాచిత్రం, ఉపగ్రహం, కంప్యూటర్ తెర అని వరుస పెట్టి చెబుతారు. కాని ప్రతి దశలోనూ పటం గీసినవారు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఏ హద్దును ప్రమాణంగా తీసుకోవాలి? ముప్పై, నలభై ఏళ్ల ముందుచూపుతో రాసే ప్రణాళికకు అంతకాలం బతికే హద్దు కావాలి. ఆ హద్దును నేలే గీసి పెట్టింది. దాన్ని గుర్తించడానికి పాలనకు రెండు వందల ఏళ్లు పట్టింది.

శిస్తు కోసం కొలిచిన నేల

కంపెనీ చేతికి వచ్చిన దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలాల కొలత మొదలుపెట్టించాడు. రైత్వారీ శిస్తుకు ఆధారం ఆ కొలతే. ఏ చెక్క ఎవరిది, ఎంత, మెట్టా తరా, ఎంత కట్టాలి అన్న ప్రశ్నలకు ఆ లెక్కలు జవాబిచ్చాయి. ఆ నేలకు నీరు ఎక్కడి నుంచి వస్తుంది, మన్ను ఎక్కడికి కొట్టుకుపోతుంది అన్నవి శిస్తుకు అవసరమైన ప్రశ్నలు కావు. అయినా మన్రో కన్ను చురుకైనది. ఈ సీమలో చెరువు కట్టడానికి అనువైన చోటు దాదాపు ప్రతిదాన్నీ ఇక్కడివారు ఎప్పుడో వాడుకున్నారనీ, కొత్త చెరువులకు తావు తక్కువనీ ఆయన గమనించాడు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన విద్య ఒక్క రాజు సొత్తు కాదని, ఊరూరా అమలులో ఉండేదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

అదే రోజుల్లో మరో రెండు సర్వేలు ఈ నేల మీద నడిచాయి. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు పరంగిమలై దగ్గర ఆధార రేఖను కొలిచి మొదలుపెట్టిన త్రిభుజాల సర్వే దక్షిణాపథమంతా పాకింది. 1811లో గుత్తి దగ్గర అలాంటి మరో ఆధార రేఖను కొలిచారు. భూమి వంపును లెక్కగట్టడం, తక్కిన పటాలన్నిటికీ తప్పులేని చట్రం ఇవ్వడం దాని లక్ష్యం. రెండో సర్వే కాలిన్ మెకంజీది. మైసూరు తర్వాత దత్త మండలాల సర్వే కూడా ఆయన పర్యవేక్షణలో సాగింది. ఆయన వెంట ఏలూరుకు చెందిన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పనిచేశారు. వారూ వారి సహాయకులూ ఊళ్ల నుంచి సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊరి చరిత్రల్లో, గుళ్లు, ఇనాములు, పాళెగాళ్ల వంశాలతో పాటు చెరువులు, కాలువల ముచ్చట్లు కూడా ఉన్నాయి. 1815లో మెకంజీ భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. పటమూ కైఫీయతూ ఒకే మనిషి చేతిలో కలిసిన అరుదైన సందర్భమది. ఆ తర్వాత పటం సర్వే శాఖకు, కైఫీయతు గ్రంథాలయానికి వెళ్లిపోయాయి. నేల ఆకారమూ ఊరి జ్ఞాపకమూ మళ్లీ ఒక బల్లమీదికి రావడానికి చాలాకాలం పట్టింది.

కోస్తాలో కథ వేరుగా నడిచింది. అక్కడ ఎత్తుపల్లాల కొలతే ప్రణాళిక అయింది. నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన డెల్టాలో అన్నిటికన్నా ఎత్తైన నేల నది గట్టునే ఉంటుంది, అక్కడి నుంచి పొలాలు దిగువకు వాలుతాయి. ఆ వాలును కొలిచి, డెల్టా మొదట్లో నీటిమట్టాన్ని లేపితే కాలువలు తమంతట తామే పారతాయని ఆర్థర్ కాటన్ వాదించాడు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కు తయారైంది. నేల వాలును ఆధారం చేసుకున్న ఆ పని నేటికీ రెండు డెల్టాలను పోషిస్తోంది.

రాయలసీమకు దక్కినది అలాంటి చూపు కాదు. కర్నూలు–కడప కాలువ ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో మొదలై, నష్టాల్లో కూరుకుపోయి, 1882లో ప్రభుత్వం కొనుక్కోవలసి వచ్చింది. అంతకు కొద్దికాలం ముందే 1876–78 మధ్య సీమను ధాత కరువు పీల్చి పిప్పి చేసింది. ఆ కరువు నాటికి ప్రభుత్వం దగ్గర సీమలోని పొలాల లెక్క ఉంది. నేల నీటిని ఎలా పట్టుకుంటుందో చెప్పే లెక్క మాత్రం లేదు.

అట్లాసుల కాలం

స్వాతంత్ర్యం తర్వాత ప్రణాళిక అన్న మాటకు కొత్త గౌరవం వచ్చింది. మొదటి రెండు పంచవర్ష ప్రణాళికల్లో ఆలోచన ప్రధానంగా రంగాలవారీగా నడిచింది. ఉక్కు ఎంత, విద్యుత్తు ఎంత, ధాన్యం ఎంత అని లెక్కించారు. ఎక్కడ అన్న ప్రశ్నను భూగోళ శాస్త్రవేత్తలు లేవనెత్తారు. జాతీయ అట్లాసు సంస్థ 1956లో కలకత్తాలో ఎస్.పి. చటర్జీ సారథ్యాన మొదలైంది. భారత గణాంక సంస్థ తరఫున లియర్‌మంత్, ఎల్.ఎస్. భట్ తయారుచేసిన మైసూరు రాష్ట్ర వనరుల అట్లాసు 1960లో వచ్చింది. తెలుగువాడైన భూగోళ శాస్త్రవేత్త వి.ఎల్.ఎస్. ప్రకాశరావు అదే సంస్థ నుంచి 1963లో ప్రాంతీయ ప్రణాళిక మీద పుస్తకం వెలువరించారు. 1961 జనాభా లెక్కల ఆధారంగా అశోక్ మిత్ర దేశంలోని జిల్లాలను అభివృద్ధి స్థాయిని బట్టి వర్గీకరించి, వెనుకబాటు పటం మీద ఎక్కడెక్కడ పరచుకుందో చూపించారు.

ఈ ఆలోచనకు తెలంగాణలో ఒక ముఖ్యమైన ప్రయోగం జరిగింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ సమాజ వికాస సంస్థ, అంటే నేటి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, నల్గొండ జిల్లా మిర్యాలగూడ తాలూకాను అధ్యయనానికి ఎంచుకుంది. లలిత్ కె. సేన్, సుధీర్ వన్‌మాలి, వారి సహచరులు రాసిన నివేదిక 1971లో అచ్చయింది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ మెట్ట నేలలు మాగాణిగా మారుతున్న రోజులవి. పంట పెరిగితే మిల్లు కావాలి, ఎరువుల దుకాణం కావాలి, బ్యాంకు కావాలి, రోడ్డు కావాలి. ఇవన్నీ ప్రతి ఊళ్లో పెట్టలేం. మరి ఎక్కడ పెట్టాలి?

పరిశోధకులు ఏ ఊరికి ఏ సేవలున్నాయో, ఏ ఊరివారు ఏ పనికి ఎక్కడికి వెళ్తున్నారో తెలుసుకున్నారు. సంత, బడి, ఆసుపత్రి, బస్సు, తపాలా ఒక్కొక్కటిగా లెక్కించారు. జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ప్రతిపాదించిన కేంద్రస్థాన సిద్ధాంతం వారికి చట్రమిచ్చింది. ఊళ్లను సేవల అంతస్తులుగా పేర్చి, ఖాళీలు ఎక్కడున్నాయో పటం మీద గుర్తించి, కొత్త సౌకర్యం ఎక్కడ పెడితే ఎక్కువ ఊళ్లకు అందుతుందో సూచించారు. చేత్తో గీసిన పటాలతో జరిగిన ఈ పని నేడు కంప్యూటరు మీద చేసే సేవల విశ్లేషణకు ఏ విధంగానూ తీసిపోదు. నాలుగో ప్రణాళిక కాలంలో దేశమంతటా వృద్ధి కేంద్రాల పరిశోధన ఈ పద్ధతినే అనుసరించింది.

1974లో ఆంధ్రప్రదేశ్ ప్రణాళికా అట్లాసు వెలువడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రాచార్యుడు షా మంజూర్ ఆలం నాయకత్వంలో, హైదరాబాదులోని సర్వే ఆఫ్ ఇండియా ముద్రణా కేంద్రం సహకారంతో తయారైన గ్రంథమది. రాష్ట్రం మొత్తాన్ని ప్రణాళికా దృష్టితో పటాలుగా ఒకచోట చూసే వీలు దానితో కలిగింది.

ఈ రెండు కృషులకూ ఒక చిక్కు ఎదురైంది. 1985లో రాష్ట్ర ప్రభుత్వం తాలూకాలను రద్దు చేసి మండలాలను ఏర్పరచింది. మిర్యాలగూడ తాలూకా అన్న ప్రమాణమే లేకుండా పోయింది. 1971 నివేదికలోని అంకెలను 1991 అంకెలతో పోల్చాలంటే ఊరూరా విడదీసి మళ్లీ కూడుకోవాలి. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటై, తర్వాత ముప్పై మూడయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు 2022లో ఇరవై ఆరయ్యాయి. పాలనకు దగ్గరితనం అవసరమే, జిల్లాలు చిన్నవి కావడానికి మంచి కారణాలున్నాయి. కాని ప్రతి మార్పుతోనూ పాత గణాంకాల వరుస తెగిపోతుంది. పాలనా హద్దు మీద నిలబెట్టిన దీర్ఘకాలిక ప్రణాళిక ఆ హద్దు ఆయుష్షును మించి బతకలేదు.

ఆకాశం నుంచి చూపు

1970లో కేరళలో కొబ్బరి తోటలకు వేరు తెగులు సోకినప్పుడు పి.ఆర్. పిషరోటి నాయకత్వంలోని శాస్త్రవేత్తలు హెలికాప్టరులో కెమెరా పెట్టి, పరారుణ కాంతిని పట్టే ఫిల్ము మీద తోటల చిత్రాలు తీశారు. భారతదేశంలో దూరస్పర్శ (రిమోట్ సెన్సింగ్) విజ్ఞానానికి అదే తొలి అడుగు. ఆరోగ్యంగా ఉన్న ఆకు పరారుణ కిరణాలను బలంగా తిప్పికొడుతుంది, తెగులు తగిలిన ఆకు అంతగా తిప్పికొట్టదు. ఆ సూత్రం మీదే ఉపగ్రహ చిత్రంలో పచ్చని పైరు ఎర్రగా కనిపిస్తుంది.

1974లో హైదరాబాదులో జాతీయ దూరస్పర్శ సంస్థ ఏర్పడింది. 1980లో అది అంతరిక్ష శాఖ కిందికి వచ్చింది, 2008లో జాతీయ దూరస్పర్శ కేంద్రం (ఎన్.ఆర్.ఎస్.సి.) అయింది. 1979 నుంచి షాద్‌నగర్ దగ్గరి భూకేంద్రం అమెరికా వారి ల్యాండ్‌శాట్ చిత్రాలను నేరుగా అందుకోసాగింది. 1988 మార్చి 17న భారత దూరస్పర్శ ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ బైకనూర్ నుంచి కక్ష్యకు చేరింది. దాని రెండో కెమెరా చూపులో ఒక చుక్క నేల మీద 36.25 మీటర్ల చదరానికి సమానం, అంటే ఎకరాలో దాదాపు మూడోవంతు. ఇరవై రెండు రోజులకొకసారి అదే నేలను మళ్లీ చూసేది. ఒక మడిని గుర్తించడానికి అది చాలదు గాని, ఒక వాగు పరీవాహకాన్ని అర్థం చేసుకోవడానికి చక్కగా సరిపోతుంది.

ఇక్కడే నేల గీసిన హద్దు పటంలోకి వచ్చింది. ఉపగ్రహ చిత్రానికి జిల్లా గీతలు తెలియవు. దానికి కనిపించేవి కొండ వరుసలు, వాగుల కొమ్మలు, మట్టి రంగులు, రాతి పగుళ్లు. రాయలసీమ, తెలంగాణల్లో ఎక్కువ భాగం నైస్ రాయి, గ్రానైటు నేలలు. ఇసుక నేలల్లో మాదిరిగా ఇక్కడ నీరు అంతటా నిండి ఉండదు. పైనున్న శిథిలమైన పొరలోనూ, దాని కింద పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. ఆ పగుళ్లు నేల మీద నడిచేవారికి కనపడవు. ఆకాశం నుంచి చూస్తే వాగు ఒక్కసారిగా తిన్నగా పారిన తీరులో, వరుసగా పెరిగిన చెట్లలో, పొడవాటి గీతలుగా బయటపడతాయి. 1986లో మొదలైన జాతీయ తాగునీటి మిషన్ కోసం దేశంలోని 447 జిల్లాలకు భూగర్భ జలాల అవకాశాన్ని చూపే పటాలను ఈ పద్ధతిలోనే తయారుచేశారు.

మరోవైపు అఖిల భారత మృత్తికా, భూ వినియోగ సర్వే సంస్థ 1990లో వాటర్‌షెడ్ అట్లాసు, అంటే నీరు ఒకే చోటికి పారే నేలల హద్దులు చూపే అట్లాసు, ప్రచురించింది. దేశాన్ని 6 జలవనరుల ప్రాంతాలుగా, 35 నదీ బేసిన్లుగా, 112 పరీవాహకాలుగా, 500 ఉప పరీవాహకాలుగా, 3,237 వాటర్‌షెడ్‌లుగా విభజించి ఒక్కొక్కదానికి సంకేతం ఇచ్చింది. పాలన వాడే రాష్ట్రం, జిల్లా, తాలూకా, గ్రామం అన్న వరుసకు సమాంతరంగా నేల తనదైన వరుసను సంపాదించుకున్నది అప్పుడే. దీర్ఘకాలిక ప్రణాళిక చరిత్రలో ఉపగ్రహ ప్రయోగానికి ఎంత విలువ ఉందో, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ అట్లాసుకూ అంత విలువ ఉంది.

అనంతపురం నమూనా

పడమటి కనుమల చాటున వానలు అందక, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షంతో బతికే నేల అనంతపురం. 1987లో దేశమంతటా వచ్చిన కరువు తర్వాత అంతరిక్ష శాఖ 21 కరువు జిల్లాల్లో సమగ్ర అధ్యయనం చేపట్టింది. 1992 నుంచి దాన్ని సుస్థిరాభివృద్ధికి సమగ్ర మిషన్ అన్న పేరుతో 174 జిల్లాలకు విస్తరించారు. ఆ కృషిలో అనంతపురం ముఖ్యమైన నమూనాగా నిలిచింది.

పని జరిగిన తీరు వివరంగా చెప్పుకోదగ్గది. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లను 1:50,000 కొలమానంలో ఆధారంగా పెట్టుకుని, ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క పటం గీసేవారు. భూమి వాడకం ఒకటి, నేలల రకం ఒకటి, వాలు ఒకటి, భూగర్భ జలాల అవకాశం ఒకటి, వాగుల వ్యవస్థ, వాటర్‌షెడ్ హద్దులు ఇంకొకటి. వాటికి వర్షపాతం, జనాభా, పశుసంపద వివరాలు జోడించేవారు. ఈ పటాలన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చితే అన్ని గుణాలూ ఒకేలా ఉన్న నేల ముక్కలు విడివిడిగా తేలేవి. ఒక్కో ముక్కకు ఒక్కో సలహా రాసేవారు. నిట్ట వాలున్న పలచని ఎర్రనేల అయితే పశుగ్రాసం, అడవి చెట్లు. కాస్త లోతున్న వాలు నేల అయితే మామిడి, చింత, సీతాఫలం లాంటి మెట్ట తోటలు. పగులు గీత మీదుగా వాగు పోయే చోట ఊట చెరువు. వాగు సన్నబడిన చోట చెక్‌డ్యాం.

పటాల మీద పటాలు పేర్చే ఈ విద్యను కంప్యూటరుకు మొదట నేర్పింది కెనడా. 1960లలో ఆ దేశం గ్రామీణ నేలల సామర్థ్యాన్ని లెక్కించే భారీ సర్వే చేపట్టినప్పుడు, చేత్తో ఆ పటాలను విశ్లేషించాలంటే సాధ్యం కాదని గ్రహించి రోజర్ టామ్లిన్సన్ భౌగోళిక సమాచార వ్యవస్థను రూపొందించాడు. భారతదేశంలో కొంతకాలం వెలుగు బల్ల మీద పారదర్శక కాగితాలు పరిచి కంటితోనే పని సాగింది. 1990ల్లో కంప్యూటరు ఆ బల్ల స్థానాన్ని క్రమంగా తీసుకుంది.

ఈ దృష్టికి పాలనలో చోటు దక్కడానికి తెలుగువాడైన ఒక ఆర్థికవేత్త కృషి తోడ్పడింది. సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, కరువు ప్రాంతాల పథకాలు ఎందుకు ఫలించలేదో పరిశీలించి, శాఖలవారీ పనులు విడివిడిగా చేయడం మాని వాటర్‌షెడ్‌ను ప్రమాణంగా తీసుకోవాలని 1994లో సిఫారసు చేసింది. 1995 ఏప్రిల్ 1 నుంచి కొత్త మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్, దానికి ప్రజల సంఘం, నాలుగేళ్ల కాలం అన్నది ఆ నమూనా. 2008 నాటి ఉమ్మడి మార్గదర్శకాలు ఆ ప్రమాణాన్ని వెయ్యి నుంచి ఐదు వేల హెక్టార్ల వరకు పెంచాయి. కందకాలు, రాతికట్టలు, ఊట కుంటలు సీమలో ఇంటింటికీ తెలిసిన మాటలయ్యాయి.

ఫలితం మాత్రం పటంలో గీసినంత తిన్నగా రాలేదు. శాస్త్రవేత్త మెట్ట తోట అని రాసిన నేలలో రైతు వేరుశనగే వేశాడు. విత్తనం, అప్పు, మార్కెట్ అన్నీ ఆ పంట చుట్టూ అల్లుకుని ఉన్నప్పుడు అతని నిర్ణయంలో తప్పు వెతకడం అన్యాయం. చెక్‌డ్యాం నింపిన నీటిని చుట్టుపక్కల కొత్త బోర్లు తోడేశాయి. భూగర్భ జలాల పటం ఎక్కడ నీరు దొరుకుతుందో చెప్పగలిగింది గాని, ఎంత తోడితే నిలుస్తుందో చెప్పడం దాని పని కాదు. పైగా ఆ పటాలు హైదరాబాదులో, జిల్లా కేంద్రంలో ఉన్నాయి. 1:50,000 టోపో షీట్లలో చాలా భాగం రక్షణ కారణాలతో నియంత్రణలో ఉండేవి. తన నేల పటాన్ని తాను చూడలేని రైతు ఆ పటం చెప్పిన సలహాను నమ్మాలని ఆశించడం ప్రణాళికలోని లోపమే.

రైతు చేతిలో కొలబద్ద

ఈ లోపాన్ని తీర్చే ప్రయత్నం కూడా ఈ నేల మీదే జరిగింది. నెదర్లాండ్స్ సాయంతో 1995లో మొదలైన బోరు సాగు పథకం అనుభవం నుంచి, 2003లో ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థల పథకం పుట్టింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, స్థానిక స్వచ్ఛంద సంస్థలు కలిసి దాన్ని నడిపాయి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అనే ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఆవాసాల్లో అది సాగింది.

ఈ పథకం కూడా పాలనా హద్దును వదిలి నీటి హద్దునే ప్రమాణంగా తీసుకుంది. ఒకే వాగు పరీవాహకంలో ఉన్న ఊళ్లన్నీ ఒక యూనిట్. తేడా ఏమిటంటే కొలిచేవారు రైతులే. కొందరు రెయిన్‌గేజిలో వాన కొలిచి రాసుకున్నారు. కొందరు ఎంపిక చేసిన బోర్లలో పదిహేను రోజులకొకసారి నీటిమట్టం కొలిచారు. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి ఆ అంకెలను ఊరి గోడ మీద రాశారు. ఖరీఫ్ ముగిసి రబీ మొదలయ్యే ముందు యూనిట్‌లోని ఊళ్లన్నీ కూర్చుని, వాన ఎంత పడింది, అందులో ఎంత ఇంకింది, ఎన్ని బోర్లున్నాయి, ఎవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు, ఆ పంటలకు ఎంత నీరు కావాలి అని లెక్క వేసుకున్నారు. చేతిలో ఉన్న నీరు ఒక పక్క, కావలసిన నీరు ఒక పక్క రాసి చూసుకుంటే తేడా ఎవరూ వివరించకుండానే అర్థమయ్యేది.

ఆ లెక్కకు ఎవరినీ కట్టుబడమని శాసించలేదు. జరిమానా లేదు, సబ్సిడీ లేదు. అయినా చాలా చోట్ల రైతులు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ప్రపంచ బ్యాంకు 2010లో ప్రచురించిన భారత భూగర్భ జలాల అధ్యయనం ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా పరిశీలించి, ఎక్కువ యూనిట్లలో నీరు తోడడం తగ్గిన తీరును నమోదు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం చేసింది. బోరు వేయడానికి అనుమతి కావాలని ఆ చట్టం చెప్పింది. అయినా ఊళ్లో పంట నిర్ణయాన్ని మార్చడంలో చట్టంలోని నిషేధం కన్నా రైతు చేత్తో రాసిన అంకె బలంగా పనిచేసింది.

పోరుమామిళ్ల శాసనంలో జలశాస్త్రం తెలిసినవాడు ఒక అంగం. ఇక్కడ ఆ అంగం ఒక్క మనిషి కాదు, ఊరు. మెకంజీ తర్వాత విడిపోయిన పటమూ ఊరి జ్ఞానమూ మళ్లీ కలిసింది ఈ యూనిట్లలోనే.

హద్దులు, చెరువులు, నేటి పని

2005లో జాతీయ పటాల విధానం పౌరుల వాడకానికి వేరే టోపో షీట్ల వరుసను అనుమతించింది. అదే ఏడాది మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండున్నర మీటర్ల వివరంతో, నేల ఎత్తుపల్లాలను కూడా కొలవగలిగేలా జంట చిత్రాలు ఇచ్చింది. 2009 ఆగస్టులో భువన్ వెబ్‌సైటు ద్వారా ఈ చిత్రాలు సామాన్యుల ముందుకు వచ్చాయి. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు, 2022 డిసెంబరు జాతీయ భౌగోళిక విధానం దేశీయులపై ఉన్న ఆంక్షల్ని చాలావరకు తొలగించాయి. చాలాకాలం తాళం వేసి ఉన్న పటం ఇప్పుడు తెరుచుకుంది.

ఇదే సమయంలో రాష్ట్ర విభజన పాత సమస్యను కొత్తగా ముందుకు తెచ్చింది. 2014లో కృష్ణా, గోదావరి బేసిన్లు మరో పాలనా గీతతో విడిపడ్డాయి. పునర్విభజన చట్టమే రెండు నదులకూ యాజమాన్య బోర్డులను ఏర్పరచవలసి వచ్చింది. పదునాలుగో శతాబ్దపు శాసనం దోషంగా చెప్పినది ఇరవై ఒకటో శతాబ్దంలో బోర్డుల రూపంలో పరిష్కారం వెతుక్కుంటోంది. నీటి హద్దును గుర్తించే సంస్థ ఏదో ఒకటి లేకుండా రెండు పాలనల మధ్య నది నడవదని చట్టం ఒప్పుకుంది.

తెలంగాణలో 2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయ 46,531 చెరువులను లెక్కించి పునరుద్ధరణకు పూనుకుంది. ఒక చెరువు అలుగు పారి దిగువ చెరువులోకి, అది నిండి మరో దానిలోకి చేరే గొలుసుకట్టు ఈ నేలకు కాకతీయుల కాలం నుంచి ఉన్న ప్రాంతీయ ప్రణాళిక. గొలుసులో ఒక్క చెరువు పూడిపోయినా, ఒక్క వాగు ఇళ్ల స్థలాల కింద మూసుకుపోయినా దిగువవి ఎండుతాయి. అందుకే పూడిక తీసే ముందు ఏ చెరువు ఏ గొలుసులోదో తెలిసి ఉండాలి. ఆ సంబంధం చూపేది పరీవాహక పటం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ ఆధారిత కొలతలు వాడుతున్నారు. శతాబ్దం కిందటి రికార్డుల తర్వాత ఇంత విస్తృతంగా ఎవరి పొలం ఎంతో కొలవడం ఇదే. హక్కు తేలడం రైతుకు ప్రాణావసరం, అందులో సందేహం లేదు. కాని మన్రో నాటి కొలత శిస్తు దగ్గరే ఆగినట్టు, ఈ కొలత హక్కు పత్రం దగ్గరే ఆగిపోతే ఒక గొప్ప అవకాశం చేజారుతుంది. అదే డ్రోను చిత్రం నుంచి నేల వాలు తీయవచ్చు, వాగు జాడ తీయవచ్చు, ఆక్రమణకు గురైన చెరువు శిఖాన్ని గుర్తించవచ్చు. సర్వే నంబరు పక్కనే ఆ పొలం ఏ వాటర్‌షెడ్‌లో ఉందో రాయడానికి అదనపు ఖర్చు ఏమంత ఉండదు.

ప్రతి గ్రామ పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక రాయాలన్న నిబంధన ఇప్పుడు అమలులో ఉంది. ఆ ప్రణాళిక ఒక ఏడాది నిధులకు జాబితాగా మిగిలిపోకుండా ముప్పై ఏళ్ల ఆలోచనగా ఎదగాలంటే మూడు పనులు జరగాలి. పంచాయతీ కార్యాలయంలో ఆ ఊరి వాటర్‌షెడ్ పటం తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఎగువ దిగువ ఊళ్లతో సహా ఉండాలి. వాన, బోర్ల మట్టం, చెరువు నీరు ఊరివారే కొలిచి అదే పటం పక్కన ఏటేటా రాయాలి. జిల్లాలు, మండలాలు ఎన్నిసార్లు మారినా ఆ రికార్డు నీటి హద్దు ప్రకారమే భద్రం కావాలి. అప్పుడు నేటి అంకెను పదేళ్ల తర్వాతి అంకెతో సూటిగా పోల్చవచ్చు.

అనంతపురం రైతులు ఈ లెక్క తమ చేతులతో చేసి చూపించారు. మిర్యాలగూడ పరిశోధకులు ఊరూరా తిరిగి సేవల లెక్క తీసి చూపించారు. వాటర్‌షెడ్ అట్లాసు తయారుచేసినవారు నేల వరుసకు సంకేతాలు ఇచ్చి చూపించారు. ఈ మూడు పనులూ విడివిడిగా జరిగాయి. వాటిని ఒకే పంచాయతీ రికార్డులో కలపడానికి కావలసిన చిత్రాలు, కొలతలు, చట్టపు వెసులుబాటు ఇప్పుడున్నంతగా మునుపెన్నడూ లేవు. ఆ పని జరిగిన చోట ఈ తరం రాసిన ప్రణాళికను తర్వాతి తరం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు, దాని మీదే ముందుకు సాగుతుంది.